తానం పోసిన కాళ్లు

కామారెడ్డి,
12 జూన్ 2024

గంగమణి అత్తకు సాయిశ్రీ దండాలు.

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఆఁ" అంటావు. నేను గొంతు చించుకుంటాను. అక్కడ నీ కోడలు హారిక, ఇక్కడ మా ఇంటి ఓనరు రుక్మాబాయి, గల్లీలో సగం మంది వింటారు. నీకు తప్ప అందరికీ సంగతి తెలిసిపోతుంది. అందుకే ఉత్తరం. ఏడో తరగతి చదివిన దానివి కదా, అక్షరాలు మర్చిపోయావేమోనని పెద్దగా రాస్తున్నాను.

అత్తా, నా కాళ్లకు ఆపరేషన్ చేయించుకుంటున్నాను.

కంగారు పడకు. మొన్న ఏప్రిల్‌లో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతూ బోర్డు మీద రాస్తుంటే కుడి మోకాలు పట్టేసింది. మా బడిలో టీచర్లకు కుర్చీలుండవని నీకు తెలుసు. గోడ పట్టుకుని గంట కొట్టేదాకా నిలబడ్డాను. పిల్లలు చూడనట్టు తలలు వంచుకున్నారు. వాళ్లు నవ్వినా బాగుండేది. హైదరాబాద్ వెళ్లి పెద్ద డాక్టరుకు చూపిస్తే, కాలు వంకర వల్ల బరువంతా మోకాలి లోపలి వైపే పడుతోందట, అక్కడ అప్పుడే అరిగిపోయిందట. ఇరవై తొమ్మిదేళ్లకే! ఇలాగే వదిలేస్తే నలభై దాటాక నడక ఉండదన్నాడు.

ఎముకను కోసి, కాలి చుట్టూ ఇనుప రింగులు బిగిస్తారు. తర్వాత ఇంట్లోనే రోజుకు నాలుగుసార్లు ఒక నట్టును పావు వంతు తిప్పాలి. అలా కొద్దికొద్దిగా కాలు తిన్నగా అవుతుంది. ముందు కుడి కాలు, అది కుదిరాక ఎడమ కాలు. ఆ నట్టు వెనక వైపు ఉంటుంది, నా చేతికి అందదు. ఓపిక, చేతి నేర్పు ఉన్న మనిషి కావాలి. బీడీలు చుట్టిన వేళ్ల కంటే నేర్పు ఎవరికుంటుంది? అమ్మ లేదు, నాన్న పోయి నాలుగేళ్లు. నువ్వే రావాలి. వచ్చే నెల పదో తారీఖు ఆపరేషన్.

నీ సాయి

*

ఎల్లారెడ్డి,
19 జూన్ 2024

సాయికి,

నీ ఉత్తరం ముట్టింది. గంత పెద్దగ ఎందుకు రాసినవే? నా చెవులు పోయినయి గని కండ్లు పోలే.

నేను రాను. మంచిగున్న కాళ్లను కోపిచ్చుకునుడేంది? ఆ కాళ్లతోటే బడికి పోయినవ్, బీఈడీ చదివినవ్, కొలువు చేస్తున్నవ్. మీ నాన్న అసొంటి కాళ్లతోటే పోచారం దాక సైకిల్ తొక్కి చేపలు తెచ్చెటోడు. నా కొడుకు జీవన్ అవే కాళ్లతోటి కరెంటు స్తంభాలు ఎక్కుతుండు. ఎవరన్న ఏమన్న అన్నరా నిన్ను? అంటే ఎవరో చెప్పు, నేను మాట్లాడుత.

ఇక్కడ హారికకు ఏడో నెల. బీడీల చాట ఇడిసిపెట్టి వస్తే కార్ఖానాల నా పేరు తీసేస్తరు. ఇంకెవర్నన్న పెట్టుకో. నన్ను మాత్రం పిలువకు. నా చెయ్యి నీ కాలి మీద వద్దు.

పప్పులు, కారంపొడి జీవన్‌తోటి పంపుతున్న. పైలంగ ఉండు.

మీ అత్త గంగమణి

*

కామారెడ్డి,
28 జూలై 2024

అత్తకు,

ఆపరేషన్ అయి పద్దెనిమిది రోజులైంది. జీవన్ బావ ఒకసారి వచ్చి చూసి, రింగులు చూడలేక బయటికెళ్లి నిలబడి, బస్సుకు వేళయిందని వెళ్లిపోయాడు. కారంపొడి ముట్టింది. అది తప్ప నీ దగ్గర్నుంచి ఏదీ రాలేదు.

నట్టు రుక్మాబాయి తిప్పుతోంది. పెద్దకొడప్‌గల్ నుంచి వచ్చిన మనిషి, మనసు మంచిదే, కానీ చూపు ఆనదు. నాలుగు రోజుల కింద ఎదురు దిక్కుకు తిప్పింది. నేను కేక వేస్తే ఆమె ఏడ్చింది, ఆమెను ఊరుకోబెట్టడానికి నేను నా ఏడుపు ఆపుకున్నాను.

"నా చెయ్యి నీ కాలి మీద వద్దు" అని రాశావు. ఆ మాట చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. నీకెందుకు కోపమో నాకు తెలుసు అత్తా. మన ఇంటి కాళ్లు నాకు నచ్చలేదనుకున్నావు. నీలాంటి కాళ్లు ఉండటం నాకు నామోషీ అనుకున్నావు. ఎల్లారెడ్డి బస్టాండులో ఎంత దూరం నుంచైనా నడక చూసి "గంగమణి మేనకోడలు వస్తున్నది" అనేవాళ్లు. ఆ మాట నాకెప్పుడూ తక్కువగా అనిపించలేదు. నొప్పి అత్తా, నొప్పి! నామోషీ కాదు. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియడం లేదు.

రావాలనిపిస్తే రా. లేకపోతే లేదు.

సాయిశ్రీ

*

ఎల్లారెడ్డి,
1 ఆగస్టు 2024

సాయీ,

ఎదురు దిక్కు తిప్పిందా? ఆ ముసల్దానికి చెప్పు, నట్టు ముట్టద్దని. శనివారం పొద్దటి బస్సుకు వస్తున్న. నామోషీ అని నేనెప్పుడన్న అన్ననా? అన్నీ నీకు నువ్వే అనుకుంటవ్.

గంగమణి

*

కామారెడ్డి,
24 ఆగస్టు 2024

అత్తకు,

మొన్న పొద్దున లేచి చూస్తే నీ చాప మడతపెట్టి ఉంది. చెప్పులు లేవు. స్టవ్ మీద ఉప్మా మూతపెట్టి ఉంది. ఏంటి అత్తా ఇది? దొంగలా వెళ్లిపోతారా ఎవరైనా?

పంతొమ్మిది రోజులు ఉన్నావు. పంతొమ్మిది రోజులూ ఒక్క తిప్పు తప్పలేదు. ప్రతిసారీ నట్టు పక్కన బీడీ దారం ఎర్రపోగు కట్టి గుర్తు పెట్టుకున్నావు. డాక్టరు ఫోటో తీసుకుని మిగతా వాళ్లకు చూపిస్తానన్నాడు. నిన్న ఎక్స్‌రే తీశారు. కాలు తిన్నగా వచ్చింది. ఇక నట్టు తిప్పే పనిలేదు, ఎముక గట్టిపడేదాకా రింగులు ఉంచితే చాలు. ఈ మాట చెబుదామంటే నువ్వు లేవు.

ఎందుకు వెళ్లావో ఆలోచించి ఆలోచించి ఒకటి పట్టుకున్నాను. బీడీల వాసన వస్తోంది, చాట వరండాలో పెట్టుకో అన్నాను. అది నీకు తాకింది. తప్పైంది. ఆ వాసనలో పెరిగిన దాన్ని, మందుల వల్ల కడుపులో తిప్పుతుంటే నోరు జారాను. రుక్మాబాయిని అడిగితే, "నేనేమనలే అమ్మా. చిన్నగున్నప్పుడు పిల్లకు తానం ఎవరు పోసిండ్రని అడిగిన, గంతే" అంది. అది నా ముందే కదా అడిగింది, ఆమెకు ప్రతి దానికీ ఒక ముచ్చట కావాలి. కాబట్టి తప్పు నాదే.

కోపం తగ్గితే రెండు ముక్కలు రాయి.

నీ సాయి

*

ఎల్లారెడ్డి,
12 సెప్టెంబర్ 2024

సాయికి,

బీడీల వాసన మాట నాకు యాదికి కూడ లేదు. కాలు తిన్నగైందంటే సంతోషం. చాలు.

హారిక కన్నది. ఆడపిల్ల. ఐదో తారీఖు, ఇక్కడి దవాఖానల్నే. ముక్కు మీ నాన్నది. హారిక తల్లి నాగవ్వ లింగంపేట నుంచి వచ్చి ఉంటున్నది. తానం పోయనీకి మన గల్లీ ఎంకవ్వను పిలిపిచ్చిన్రు. ముసల్ది అయినా చేతుల బలం తగ్గలే. నేను బయట బీడీలు చుట్టుకుంట కూసుంటున్న. పిల్ల ఏడుపు నాకు వినబడదు, తలుపు సందులకెల్లి నోరు తెరిచింది కనబడుతది.

"నువ్వు ఎత్తుకోవా వదినా?" అని నాగవ్వ ఒక దినం అడిగింది. తంబాకు చేతులు అన్న.

నీ ఎడమ కాలు ఎప్పుడు చేస్తరు? అప్పుడు వేరే మనిషిని చూసుకో, ముందే చెప్తున్న.

మీ అత్త

*

కామారెడ్డి,
25 నవంబర్ 2024

అత్తకు,

పాపను ఇంకా చూడలేకపోయాను. ఈ రింగులతో బస్సు ఎక్కనివ్వరు, ఎక్కినా దిగలేను.

నా సంగతి బాగాలేదు. మూడు నెలలు దాటినా కోసిన చోట ఎముక నిండటం లేదు. ఎక్స్‌రేలో ఆ సందు పొగలాగా కనిపిస్తోంది. బడి వాళ్లు జనవరి దాకా చూస్తామన్నారు, తర్వాత వేరే టీచరును పెట్టుకుంటారట. నిండకపోతే నడుము ఎముక తీసి అతకాలంటున్నారు. అప్పటికీ అతక్కపోతే ఏమిటో ఎవరూ చెప్పడం లేదు. ఉన్న కాలు కూడా పోగొట్టుకున్నానేమోనని భయంగా ఉంది. వంకరగా ఉన్నా నడిచేదాన్ని కదా అత్తా.

డాక్టరు చాలా ప్రశ్నలు అడిగాడు. నట్టు ఎవరు తిప్పారు, రోజుకు ఎన్నిసార్లు, ఒకేసారి ఎక్కువ తిప్పారా అని. తొందరగా తిప్పేస్తే ఎముక పుట్టదట. నాకు గుర్తున్నంత వరకు చెప్పాను. నీకేమైనా గుర్తుందా? ఎప్పుడైనా నేను నిద్రలో ఉన్నప్పుడు రెండు తిప్పులు కలిపి తిప్పావా? తప్పు పట్టడానికి కాదు, డాక్టరుకు చెప్పడానికి అడుగుతున్నాను.

సాయి

*

ఎల్లారెడ్డి,
30 నవంబర్ 2024

సాయీ,

లెక్క తప్పలే. మీ నాన్న మీద ఒట్టు. రోజుకు నాలుగు, పావు పావు. ఎర్ర దారాలు నువ్వే చూసినవ్ గద. లెక్కల ఏం లేదు. దోషం నా చెయ్యిలనే ఉన్నది. అందుకే రానన్న. నువ్వు ఏడిస్తే మనసు ఆగక వచ్చిన, ఇప్పుడు చూడు ఏమాయెనో.

నీకు చెప్పని ముచ్చట చెప్తున్న. మీ నాన్న కూడ చెప్పలేదు నీకు.

నువ్వు పుట్టిన తొమ్మిదో దినం మీ అమ్మ కామెర్లతోటి పోయింది. అప్పటికే మా ఆయన మగ్గం పనికి భీవండి పోయి మళ్ల రాలే, నేను రెండేండ్ల జీవన్‌ను ఎత్తుకొని మీ నాన్న ఇంట్ల ఉన్న. నీకు తానం పోసెటోళ్లు ఎవరున్నరు? నేనే పోసిన. పీట మీద కూసొని కాళ్లు చాపి, నిన్ను కాళ్ల మీద పండవెట్టుకొని. అందరి కాళ్లు దగ్గరికి పెడితే పిల్లకు పరుపోలె ఉంటది. నా కాళ్లు ఎంత దగ్గరికి పెట్టినా నడుమ సందు ఉంటది గద. నువ్వు ఆ సందులకు జారుతుంటివి. కింద చీరె మడతపెట్టి, ఒక చేత్తోని పట్టుకొని పోసిన. ఏడాదిన్నర దాక పోసిన.

నువ్వు నడక నేర్సినంక కాళ్లు వంగినయ్. ఈ ఎంకవ్వనే, గల్లీల పది మందిల అన్నది. "వంకర కాళ్ల మీద తానం పోస్తివి, పిల్ల కాళ్లు నీ కాళ్లోలెనే అయినయ్ గదనే. జీవన్‌గాన్ని చూసన్న బుద్ధి రాలేదా?" అని. మీ నాన్న అక్కడ్నే ఉన్నడు. గమ్మున లోపటికి పోయిండు. ఎంకవ్వ మాట కంటె అది ఎక్కువ తాకింది నాకు. ఆ దినం నుంచి ఏ పసిపిల్లను ముట్టలే.

మీ నాన్న కాళ్లు చిన్నగున్నప్పుడు మూటలు మోసి వంగినయని మా అవ్వ చెప్పేది. నావి అమ్మవారు పోసి వంగినయట. నీవి, జీవన్‌వి మాత్రం నేను వంచినయి. రుక్మాబాయి గట్టిగ అడిగింది తానం ఎవరు పోసిండ్రని. చెవుడుదాన్నని చెవు కాడికి వచ్చి అడిగింది. నువ్వు మంచం మీద కూసొని నవ్వుతున్నవ్. నీ ముంగట ఎట్ల చెప్పాలె? అందుకే పొద్దుగాల లేసి వచ్చేసిన.

నన్ను మాఫ్ చెయ్. డాక్టరుకు కూడ ఇది చెప్పు, ఏమన్న విరుగుడు ఉంటదేమో.

గంగమణి

*

కామారెడ్డి,
18 డిసెంబర్ 2024

అత్తా,

నీ ఉత్తరం చదివి ఎంత ఏడ్చానో చెప్పను. కోపం కూడా వచ్చింది. ఎంకవ్వ మీద, నాన్న మీద, నీ మీద కూడా. ఇంత కాలం ఇది కడుపులో పెట్టుకుని నాకు జడలు వేశావా? ఇప్పుడు నేను చెప్పేది నిదానంగా చదువు. అర్థం కాకపోతే మళ్లీ చదువు.

నీ ఉత్తరంలో ఉన్నదంతా డాక్టరుకు చెప్పాను, విరుగుడు మాట కూడా. ఆయన నవ్వలేదు. "నాన్నవి, అత్తవి, ఆమె కొడుకువి, అందరివీ వంకరేనా?" అని ఒక్కొక్కరినీ అడిగి కాగితం మీద గీత గీసుకున్నాడు. ఇదంతా మొదటే అడగాల్సిందని తనే అన్నాడు. తర్వాత రక్తం, మూత్రం పరీక్ష చేయించాడు. ఎముక గట్టిపడటానికి రక్తంలో ఫాస్ఫేట్ అనే ఉప్పు ఉండాలట. మన ఒంట్లో అది నిలవదు, మూత్రంలో పోతుంది. పుట్టుకతోనే వచ్చింది. అందుకే నడక మొదలై బరువు పడగానే కాళ్లు వంగుతాయి. అందుకే నా ఎముక అతకడం లేదు. నీ చెవుడు కూడా దాని వల్లే కావచ్చన్నాడు. మందులు మొదలుపెట్టారు, రెండు నెలల్లో ఎముక నిండుతుందని ధైర్యం చెప్పాడు.

విన్నావా? నువ్వు కాదు, దేశంలో తిన్నని కాళ్లున్న ఎవరు పోసినా నా కాళ్లు ఇలాగే వంగేవి! నాయనమ్మ నుంచి నాన్నకూ నీకూ వచ్చింది. నాన్న నుంచి నాకు, నీ నుంచి జీవన్ బావకు.

ఇక రెండో సంగతి. తండ్రికి ఉంటే ఆడపిల్లకు తప్పకుండా వస్తుందట. అంటే పాపకు ఉన్నట్టే. కానీ నడక రాకముందే మందు మొదలుపెడితే కాళ్లు అంతగా వంగవు, నాలాగా కోయించుకునే అవసరం రాకపోవచ్చు. పాపకు నాలుగో నెల. ఇప్పుడే పరీక్ష చేయించాలి. బావకు ఫోన్ చేశాను. ఏమన్నాడో తెలుసా? "మా చిన్నదానికి ఏం కాదు సాయీ. మా అమ్మను ముట్టనియ్యలే గద, తానం ఎంకవ్వ పోస్తున్నది" అన్నాడు. ఇంట్లో అందరూ ఇదే నమ్మకంతో నిశ్చింతగా ఉన్నారు.

నువ్వు చెప్పు అత్తా. నీ మాట వింటారు.

నీ సాయి

*

ఎల్లారెడ్డి,
24 డిసెంబర్ 2024

సాయికి,

పదిసార్లు చదివిన. అర్థమైంది. సంతోషం కావాలె గద, కాలే.

నువ్వు రాసినట్టే ఇంట్ల చెప్పితే ఏమైతదో సోంచాయించినవా? తానం పోసినందుకు వంగినయంటే తప్పు నాది ఒక్కదానిది. నాతోటే పోతది. రక్తంలనే ఉన్నదంటే జీవన్‌ది అయితది, వాని బిడ్డది అయితది. పెండ్లిచూపులప్పుడు హారిక నాయిన మల్లయ్య నా కొడుకు కాళ్లు చూసి అడిగిండు, ఇంటి రోగమా అని. నేనే ముంగటికి వచ్చి, కాదు బాపూ, నేను తానం పోసుడు రాక వంచిన అన్న. వాళ్లు నవ్విన్రు, పెండ్లి అయింది. ఇప్పుడు కాదు, రోగమే అంటే దాచి చేసిన్రు అంటరు. పిల్లను తోలుకొని పోతరు. నా లెక్క హారిక ఒక్కతే బిడ్డను పెట్టుకొని బతకాలె.

ఆ నింద నాకు అలవాటైంది. నా మీదనే ఉండనియ్. పిల్లకు వంగితే అప్పుడు చూద్దాం, నీ లెక్క ఆపరేషన్ ఉన్నది గద. దేవుడు చల్లగ చూస్తే వంగకపోవచ్చు.

బావకు మళ్ల ఫోన్ చెయ్యకు.

మీ అత్త

*

కామారెడ్డి,
2 జనవరి 2025

అత్తకు,

"నీ లెక్క ఆపరేషన్ ఉన్నది గద" అని రాశావు. రింగుల దగ్గర చీము పట్టిన రోజు నువ్వే కడిగావు. నా అరుపు నీకు వినపడలేదు కానీ నా మొహం చూశావు. అది ఆ పాపకు రావాలా? రెండు కాళ్లకూ?

నింద నీకు అలవాటై ఉండొచ్చు. దాని వెనక బావ దాక్కున్నాడు, నాన్న కూడా దాక్కున్నాడు. ఇప్పుడు పాపను కూడా దాచేస్తున్నావు, కానీ పాప కాళ్లు ఆగవు. ఇంకో ఏడెనిమిది నెలల్లో నిలబడుతుంది.

నా కాళ్ల విషయంలో నీ తప్పు ఏమీ లేదు. దేవుడి ముందైనా చెబుతాను. కానీ తెలిసి కూడా ఇప్పుడు నోరు మూసుకుంటే, ఈసారి తప్పు నిజంగానే నీదవుతుంది అత్తా.

నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత హారికకు నేనే చెబుతాను. నీ నోటి నుంచి వింటే ఆమెకు వేరుగా ఉంటుంది.

ఇలా రాసినందుకు నన్ను తిట్టుకో. ఫర్వాలేదు.

సాయిశ్రీ

*

ఎల్లారెడ్డి,
22 ఫిబ్రవరి 2025

సాయీ,

నీకు రింగులు తీసిన్రని మొన్న దవాఖాన కాడ హారిక ఫోన్ల చూపిచ్చింది. కట్టె పట్టుకొని నిలబడ్డ ఫోటో. ఒక కాలు తిన్నగ, ఒక కాలు మన ఇంటిది. చూసి నవ్విన, ఏడ్సిన.

నువ్వు రాసిన ఆఖరి ఉత్తరానికి తిట్టిన. మస్తు తిట్టిన. ఐదు దినాలు తిట్టుకుంటనే ఉన్న. ఆరో దినం హారిక ఒక్కతే ఉన్నప్పుడు పోయి కూసున్న. నోరు రాలే. నీ ఉత్తరాలన్ని తీసి ఆమె ఒళ్లె పెట్టిన. నడుమల నేను రాసినయి లేవు, ఆ ముచ్చట నేనే చెప్పిన. పెండ్లిచూపులల్ల ఏమన్ననో అది కూడ చెప్పిన. పోరి అన్ని చదివింది. లేసి తల్లికి ఫోన్ చేసింది.

మల్లయ్య, నాగవ్వ వచ్చిన్రు. మస్తు లొల్లి అయింది. వాళ్లు ఒర్రిందాంట్ల నాకు సగమే వినబడ్డది. దాచి చేసిన్రు అన్నది మాత్రం వినబడ్డది. అవును బాపూ, దాచిన, నాకే తెల్వక దాచిన, కొడతవా కొట్టు అన్న. జీవన్ నా దిక్కు చూడలే. "నా ఇజ్జత్ తీసినవ్ అమ్మా" అని బండేసుకొని పోయిండు. సంచి సర్దుకొని, పిల్లను ఎత్తుకొని హారిక కూడ వాళ్లెంట లింగంపేట పోయింది. నేను అనుకున్నట్టే అయింది సాయీ. ఆ దినం నీ మీద ఎంత కోపం వచ్చిందో!

పన్నెండో దినం పొద్దుగాల హారిక ఒక్కతే వచ్చింది, పిల్లతోటి. అరుగు మీద నిలబడి, "హైదరాబాద్ పోతున్న అత్తమ్మా, పిల్లల దవాఖానకు. నువ్వు రా" అన్నది. బస్సు కాడ పిల్లను నాకు ఇయ్యబోయింది. నేను చేతులు ఎనుకకు పెట్టుకున్న. "పట్టుకో అత్తమ్మా, నాకు బ్యాగులు పట్టుకోవాలె" అన్నది. గట్ల పట్టుకున్న. మేడ్చల్ దాటేదాక కదలకుంట అట్లనే కూసున్న. పిల్ల మాత్రం మంచిగ పండుకున్నది.

రిపోర్ట్ సంగతి హారిక నీకు చెప్పే ఉంటది. ఉన్నది. నువ్వు చెప్పినట్టే. రోజుకు ఐదుసార్లు మందు పొయ్యాలె. ఉప్పగ ఉంటదట, పిల్ల సగం ఉమ్మేస్తది, మళ్ల పొయ్యాలె. కాళ్లు వంగవని డాక్టరమ్మ ఒట్టు పెట్టలే. జల్ది తెచ్చిన్రు, మంచి పని చేసిన్రు అన్నది. నా రక్తం కూడ తీసుకున్నది. జీవన్‌ది తెమ్మన్నది, వాడు ఇంక పోలే. నాతోటి మాట్లాడుతలే. హారిక లింగంపేటల్నే ఉన్నది, వాడు రక్తం ఇచ్చినంకనే వస్తనన్నది. ఎప్పుడైతదో తెల్వది. వాడు అన్నం మాత్రం తింటుండు, నేను ఒండి మూత పెట్టి బయటికి పోతే తింటుండు.

నీ ఎడమ కాలు చేసేటప్పుడు నేనొస్త. ఎవర్నీ చూసుకోకు.

ఇంకొకటి రాయాలె. రాయాలె రాయాలె అని నాలుగు దినాల నుంచి కాగితం మడతపెట్టి మళ్ల ఇప్పుతున్న. ఆ డాక్టరమ్మ నా మోకాళ్లు ముట్టి, "నొప్పి ఎన్నేండ్ల నుంచి ఉన్నది?" అని కాగితం మీద రాసి చూపిచ్చింది. హారిక నా దిక్కు చూసింది, అత్తమ్మకు నొప్పులేం లేవు మేడం అనబోయింది. ఆమెకు తెల్వది. జీవన్‌కు తెల్వది. మీ నాన్న ఇది తెల్వకుంటనే పోయిండు. ఇద్దరు పిల్లల కాళ్లు వంచినదాన్ని, నాకు నొస్తున్నయ్ అని ఏ మొఖం పెట్టుకొని అంటనే? వాళ్లు ఉల్టా అడగరా? అందుకే అనలే. పొద్దుగాల లేవాలంటే గోడ పట్టుకొని, చప్పుడు కాకుంట లేసేదాన్ని.

మీ డాక్టరును అడుగు సాయీ, యాభై ఆరేండ్ల మనిషికి ఏమన్న చేస్తరా అని. చెయ్యకున్నా మంచిదే. నువ్వు మాత్రం అడుగు. నాకు కాళ్లు నొస్తున్నయే. ఇరవై ఏండ్ల సంది నొస్తున్నయ్.

అత్త